పాత కిటికీకి కొత్త గోడ

కెమెరా అన్న మాటకు లాటిను భాషలో గది అని అర్థం. చీకటి గదికి ఒక ప్రక్క చిన్న రంధ్రముంటే, బయటి వీథి తలక్రిందులై ఎదుటి గోడమీద వాలుతుందన్న సంగతి ఫొటోగ్రఫీ పుట్టుకకు ఎన్నో శతాబ్దాల ముందే మానవునికి తెలుసు. ఆ రంధ్రంలో నునుపు చేసిన గాజుబిళ్ళను అమర్చినప్పుడు బొమ్మకు వెలుగు వచ్చింది, స్పష్టత వచ్చింది. ఆ గాజుబిళ్ళనే మన బడిపుస్తకాలు కటకమన్నాయి. జనం నోట అది లెన్సు. రెండు మాటలూ నాకు సమ్మతమే కనుక రెంటినీ వాడతాను.

ఈ గదికి ముఖ్యమైనవి రెండు: కిటికీ, గోడ. కిటికీ అంటే కటకం. గోడ అంటే బొమ్మ వాలే తలం. 1839 మొదలు ఈనాటి వరకు ఫొటోగ్రఫీ చరిత్రను చదివితే, గోడ మారినంతగా కిటికీ మారలేదని తోస్తుంది. వెండి పూసిన రాగిరేకు, తడి గాజుపలక, పొడి గాజుపలక, చుట్టఫిల్ము, నేటి సెన్సరు – ఇవన్నీ గోడకు వచ్చిన మార్పులు. కొత్త గోడ రాగానే పాత గోడ మూలపడింది. కాని పాత కిటికీ చెడిపోలేదు. కొత్త గోడను దానికి తగిన దూరంలో నిలబెడితే చాలు, అది తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఈ టపాలో నేను చెప్పదలచిన విషయం ఇదే. ఉదాహరణలు చాలావరకు భాగ్యనగరానివి, కొన్ని మా తెనాలివి.

ఈ ఆలోచనకు కారణమైనవాడు మియాపూరులో మా పై అంతస్తున ఉండే యువకుడు. మాదాపూరులో ఉద్యోగం. వాడిన ఫ్యూజీఫిల్మ్ జి.ఎఫ్.ఎక్స్. 50 ఆర్ అనే కెమెరా కొన్నాడు. ఇది 2018లో విడుదలైన మీడియం ఫార్మాట్ డిజిటల్ కెమెరా. మామూలు కెమెరాలలోని సెన్సరు పెద్దదనుకున్నా 36 × 24 మిల్లీమీటర్లు. దీనిలోనిది 43.8 × 32.9 మిల్లీమీటర్లు. కెమెరా కొనగానే అతని చేయి ఖాళీ అయింది. దానికి చేసిన కొత్త లెన్సుల ధరలు విని నా వద్దకు వచ్చి, "మాస్టారూ, మీ బావగారి స్టూడియో లెన్సులు మీ దగ్గర ఉన్నాయన్నారు కదా, అవి దీనికి పనిచేస్తాయా?" అని అడిగాడు. వెంటనే జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న వెంబడి నేను చాలా దూరం వెనుకకు వెళ్ళవలసి వచ్చింది.

ఈ నగరంలో కెమెరా కథ చెప్పేవారెవరైనా రాజా దీనదయాళ్ పేరు తలవక తప్పదు. ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో జన్మించి, రూర్కీ థామ్సన్ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ప్రభుత్వోద్యోగం చేస్తూ ఛాయాగ్రహణాన్ని అలవరచుకున్నారు. 1886లో సికిందరాబాదులో స్టూడియో నెలకొల్పారు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయనకు 1894లో ముసవ్విర్ జంగ్ అన్న బిరుదునిచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. 1892లో అంతఃపుర స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. 1905లో ఆయన కన్నుమూశారు.

ఆయన కాలపు పనితీరును ఒకసారి ఊహించండి. వృత్తి కళాకారులు వాడే గాజుపలకలు ఎనిమిది పది అంగుళాలవి, పది పన్నెండు అంగుళాలవి. పది పన్నెండు పలకకు మూల నుండి మూలకు కొలిస్తే దాదాపు నలభై సెంటీమీటర్లు. కటకం నుండి వచ్చే వెలుగు గుండ్రని పళ్ళెంలా పరచుకుంటుంది. ఆ పళ్ళెం పలక నాలుగు మూలలనూ కప్పాలి. కాబట్టి ఆనాటి లెన్సులు పెద్దవి, ఇత్తడి తొడుగులలో బరువుగా ఉండేవి. 1840లో పెట్జ్‌వాల్ అనే గణితజ్ఞుడు ముఖచిత్రాలకు వేగవంతమైన కటకాన్ని లెక్కకట్టి రూపొందించాడు. 1866లో డాల్‌మేయర్, స్టైన్‌హైల్ అన్న ఇద్దరు వేరువేరుగా, భవనాల గీతలు వంకరపోని కటకాలను తెచ్చారు. 1890లో జైస్ సంస్థలో పాల్ రుడాల్ఫ్ అనస్టిగ్మాట్ కటకాన్ని, 1896లో ప్లానార్‌ను, 1902లో టెస్సార్‌ను రూపొందించాడు. ఈనాటికీ ఎన్నో లెన్సుల లోపలి నిర్మాణం ప్లానార్ వంశానిదో, టెస్సార్ వంశానిదో. ఛందస్సు ఒకసారి స్థిరపడిన తరువాత కవులు వస్తూ పోతూ ఉంటారే, ఇదీ అలాంటిదే.

ఛాయాగ్రాహకుడు నల్లగుడ్డ క్రింద తల దూర్చి, కెమెరా వెనుక ఉన్న నూరిన గాజుపై తలక్రిందులుగా పడ్డ బొమ్మను చూస్తూ, తోలుతిత్తిని ముందుకూ వెనుకకూ జరిపి ఫోకసు చేసేవాడు. తరువాత ఆ గాజును తీసి, సరిగ్గా అదే తలంలో పలకను పెట్టేవాడు. చూసిన చోటే పలక నిలిచింది కనుక చూసిన బొమ్మే పలకకెక్కేది. ఇక్కడ దూరమే సర్వస్వం. లెన్సుకూ పలకకూ మధ్య ఉన్నది తిత్తిలోని గాలి మాత్రమే. ఏ దేశపు లెన్సునైనా ఒక చెక్కపలకకు బిగించి ఆ కెమెరాకు తగిలించవచ్చు. ఇది ఫలానా సంస్థ కెమెరా కనుక ఫలానా సంస్థ లెన్సే పెట్టాలన్న నిర్బంధం ఆనాడు ఇంతగా లేదు.

దూరమే సర్వస్వమన్న మాటకు ఇంతకంటె ఘనమైన సాక్ష్యం ఈ నగరంలోనే ఉంది. నవాబు జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో ఒక ఖగోళ పరిశీలనశాలను ప్రారంభించారు. ఆయన మరణానంతరం 1908లో నిజాము ప్రభుత్వం దానిని స్వీకరించింది. బేగంపేటకు తరలిన ఆ నిజామియా వేధశాలలో పదిహేను అంగుళాల గ్రబ్ దూరదర్శినితో పాటు, ఆకాశాన్ని ఫొటో తీయడానికే చేసిన ఎనిమిది అంగుళాల కుక్ యంత్రం ఉండేది. పారిసులో 1887లో సంకల్పించిన అంతర్జాతీయ ఖగోళపటంలో మన వేధశాల పాలుపంచుకుంది. మొదట చిలీ దేశపు శాంటియాగోకు కేటాయించిన దక్షిణాకాశపు భాగం హైదరాబాదుకు వచ్చింది. 1914 నుండి ఇక్కడ గాజుపలకలపై నక్షత్రాలను పట్టారు. తరువాతి కాలంలో టి.పి. భాస్కరన్ నాయకత్వంలో ఆ పని సాగింది.

ఆ మహాకార్యంలో ఒక నియమముండేది. ఏ దేశపు పలకమీదనైనా ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక కళకు సమానం కావాలి. కళ అంటే డిగ్రీలో అరవయ్యవ వంతు, మన పంచాంగకర్తల లెక్కే. ఆ కొలత రావాలంటే కటకపు నాభ్యంతరం సుమారు 3 మీటర్ల 44 సెంటీమీటర్లు ఉండి తీరాలి. లెన్సుకూ పలకకూ మధ్య దూరం ముందే నిర్ణయమైపోయింది కనుకనే, వేరువేరు ఖండాలలో తీసిన పలకలు ఒకే పటంలో ఇమిడిపోయాయి. ఆ పలకలపై కొలిచిన నక్షత్రస్థానాలు కంప్యూటరులోకి చేరి, 1989లో ప్రయోగించిన హిప్పార్కస్ ఉపగ్రహపు కొలతలతో జతకూడాయి. పాత స్థానానికీ కొత్త స్థానానికీ ఉన్న తేడానుబట్టి నక్షత్రాల కదలికలను గణించి, 2000లో టైకో-2 అన్న మహాపట్టికను వెలువరించారు. బేగంపేట కిటికీలోనుంచి చూసిన ఆకాశం, గోడ మారి, దాదాపు ఒక శతాబ్దం తరువాత మళ్ళీ పనికివచ్చింది.

నేలమీది స్టూడియోల సంగతికి వద్దాం. 1901లో కోడాక్ సంస్థ 120 అన్న చుట్టఫిల్మును తెచ్చింది. 1929లో రోలీఫ్లెక్స్ వచ్చింది. కంటికొకటి, ఫిల్ముకొకటిగా రెండు లెన్సులు ఒకదానిపై ఒకటి ఉండే పెట్టె అది. మన తెలుగు పట్టణాలలో స్టూడియోవాళ్ళు ఈ తరహా పెట్టెను 'వన్‌ట్వెంటీ కెమెరా' అనేవారు. నడుము దగ్గర పట్టుకుని, తలవంచి పైనుంచి చూస్తూ పెళ్ళిఫొటోలు తీసిన రోలీఫ్లెక్సులు, యాషికాలు నా తరంవారికి బాగా గుర్తుంటాయి. వాటి లెన్సులు పెట్టెకు అతుక్కుని ఉండేవి.

లెన్సు మార్చగల మధ్యస్థాయి కెమెరాలలో హాసెల్‌బ్లాడ్ ప్రసిద్ధమైనది. 1969లో చంద్రుని నేలమీద బొమ్మలు తీసింది అదే, జైస్ కటకంతో. అది మా బావగారి వంటి వారి తాహతుకు అందని వస్తువు. ఆయన కొన్నది పెంటకాన్ సిక్స్, తూర్పు జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో తయారైనది. దాని లెన్సు జేనా నగరపు కార్ల్ జైస్ వారి బయోమెటార్, నాభ్యంతరం 80 మిల్లీమీటర్లు, ఎఫ్ 2.8. ఆ కెమెరాలో ఫిల్ము చుట్టే మర ఆయన బ్రతికుండగానే చెడిపోయింది. లెన్సు చెడిపోలేదు. ఆయన పోయాక దుకాణం సర్దుతున్నప్పుడు ఇనుపసామాను కొనేవాడు తూకమేసి ధర చెబితే, మా అక్కయ్య ఒప్పుకోక ఆ సంచీని నాకిచ్చి పంపింది.

ఇక ఆ యువకుని ప్రశ్నకు జవాబు. అద్దం కలిగిన ప్రతి కెమెరాలోనూ లెన్సు వెనుక అద్దం తిరగడానికి చోటు కావాలి. అందుచేత లెన్సు ఆనే కంకణానికీ ఫిల్ముకూ మధ్య కొంత స్థిరమైన దూరముంటుంది. దీనిని ఫ్లాంజి దూరమంటారు. పెంటకాన్ సిక్స్‌కు అది 74.1 మిల్లీమీటర్లు. హాసెల్‌బ్లాడ్ 500 తరగతికి 74.9. మామియా 645కు 63.3. పెంటాక్స్ 67కు 84.95. ఒకదాని లెన్సు మరొకదానికి పెట్టాలంటే, రెండవ పెట్టె దూరం మొదటిదానికంటె తక్కువైనప్పుడే వీలు. ఎక్కువైతే లెన్సును పెట్టెలోపలికి దింపాలి, అక్కడ అద్దం అడ్డుపడుతుంది. ఫిల్ము కాలంలో ఒకరి లెన్సు మరొకరికి పనికిరాకపోవడానికి ముఖ్యకారణం ఇదే.

డిజిటల్ యుగం మొదటి దశలో పెట్టె మారలేదు. ఫిల్ము పెట్టే వెనుక భాగాన్ని తీసి, ఆ చోట సెన్సరున్న డబ్బాను తగిలించేవారు. ఈ పద్ధతి ఇప్పటికీ పోలేదు. హాసెల్‌బ్లాడ్ సంస్థ 2019లో ప్రకటించిన సి.ఎఫ్.వి. 50 సి రెండవ తరం డబ్బా, 1957 నుండి వచ్చిన ఆ సంస్థ పెట్టెలలో చాలావాటికి అమరుతుంది. అరవైయేళ్ళనాటి పెట్టె, అరవైయేళ్ళనాటి లెన్సు, వెనుక మాత్రం కొత్త గోడ. అసలు మార్పు అద్దంలేని మీడియం ఫార్మాట్ కెమెరాలతో వచ్చింది. 2016లో హాసెల్‌బ్లాడ్ ఎక్స్1డి, 2017లో ఫ్యూజీ జి.ఎఫ్.ఎక్స్. 50 ఎస్ వెలువడ్డాయి. అద్దం పోయింది కనుక ఫ్లాంజి దూరం తగ్గింది. ఫ్యూజీకి అది 26.7 మిల్లీమీటర్లు మాత్రమే. పైన చెప్పిన పాత దూరాలన్నీ దీనికంటె ఎక్కువే. పెంటకాన్ లెన్సుకు 74.1లో 26.7 తీసివేస్తే 47.4. అంత పొడవు గొట్టం మధ్యలో పెడితే లెన్సు తనకు తెలిసిన దూరంలోనే గోడను చూస్తుంది. మామియాకు 36.6, పెంటాక్స్ 67కు 58.25. ఈ గొట్టాన్నే అడాప్టరు అంటారు.

పాత లెన్సు వెలుగుపళ్ళెం ఈ సెన్సరును కప్పుతుందా అన్నది రెండవ ప్రశ్న. పెంటకాన్ ఫిల్ముపై బొమ్మ 56 మిల్లీమీటర్ల చదరం, మూలనుండి మూలకు 79. సెన్సరు మూలనుండి మూలకు 55కు కాస్త తక్కువ. కాబట్టి నిశ్చింతగా కప్పుతుంది, అంచులలోని బలహీనత కూడా బయటే ఉండిపోతుంది. 35 మిల్లీమీటర్ల కెమెరా లెన్సుల పళ్ళెం 43 మిల్లీమీటర్లకు లెక్కకట్టినది. వాటిలో దూరదృష్టి కలవి కొన్ని సెన్సరును కప్పినా, విశాలదృష్టి కలవి తరచుగా మూలలను చీకటి చేస్తాయి.

అడాప్టరు అన్నమాట కొత్తగా వినిపించినా, మన తెలుగు ప్రేక్షకులకు ఆ వస్తువుతో పాతపరిచయమే. 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు తెలుగులో తొలి సినిమాస్కోపు చిత్రం. ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి. సినిమాస్కోపులో ఫిల్ము వెడల్పు పెరగదు. కెమెరా ముందు ప్రత్యేక కటకం విశాలదృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి మామూలు ఫిల్ముమీదనే ఇముడుస్తుంది. హాలులో ప్రొజెక్టరు ముందు అటువంటి కటకమే దానిని మళ్ళీ రెట్టింపు చేసి పరుస్తుంది. ఆంరీ క్రెతియెన్ అన్న ఫ్రెంచివాడు 1920లలో కనిపెట్టిన ఈ ఉపాయాన్ని 1953లో హాలీవుడ్డు అందిపుచ్చుకుంది. ఆ ప్రత్యేక కటకం లేని హాలులో సినిమాస్కోపు చిత్రం వేస్తే మనుషులంతా సన్నగా, పొడుగ్గా తాటిచెట్లలా కనిపిస్తారు. ఆ అడాప్టరులో గాజు ఉంది, అది బొమ్మను మారుస్తుంది. మనం చెప్పుకుంటున్న అడాప్టరులో గాజే లేదు. దాని లోపల ఉన్నది 47.4 మిల్లీమీటర్ల గాలి. దాని గొప్పతనమంతా ఏమీ చేయకపోవడంలోనే ఉంది.

అయితే ఆ గాలిని కొలవడం తేలిక కాదు. రెండు కొసలకూ కావలసిన కంకణాలను బజారులో సంపాదించి, నడిమి గొట్టం కోసం బాలానగరు వెళ్ళాం. కేంద్ర ఉపకరణ రూపకల్పన సంస్థ 1968 నుండి ఉన్న చోటది. చుట్టుప్రక్కల వీథులలో లేతు మిషన్ల చప్పుడు ఇంకా వినబడుతుంది. ఒక పెద్దమనిషి అల్యూమినియం కడ్డీని లేతుకు బిగించి అరగంటలో గొట్టం తీసి ఇచ్చాడు. ఇంటికి వచ్చి మేడమీదికెక్కి చూస్తే దగ్గరి నీళ్ళట్యాంకులు సూదిమొనలా స్పష్టంగా ఉన్నాయి. 2017 నవంబరులో ప్రారంభమైన మియాపూరు మెట్రో స్తంభాలు మాత్రం ఎంత తిప్పినా మసకే.

కారణం లెక్కలో దొరికింది. 80 మిల్లీమీటర్ల లెన్సుకు గొట్టం ఒక మిల్లీమీటరులో పదవవంతు పొడవైతే, అది చూడగల అత్యధిక దూరం 64 మీటర్లు. అంతకు ఆవలనున్నదేదీ స్పష్టం కాదు. ఎనభైని ఎనభైతో హెచ్చించి, పొరపాటు పొడవుతో భాగిస్తే ఈ అంకె వస్తుంది. ఎవరైనా సరిచూసుకోవచ్చు. తిరిగి తీసుకువెళితే ఆయన నవ్వి, మైక్రోమీటరుతో కొలిచి, "పొట్టిదైతే నడుస్తుంది సార్, పొడుగైతే నడవదు" అంటూ ఒక్క పొర గీశాడు. ఎంత చక్కని సూత్రం! రవ్వంత పొట్టిదైతే లెన్సు అనంతాన్ని దాటి తిరుగుతుంది, దానిపై చెక్కిన అంకెలు తప్పుతాయి తప్ప బొమ్మకు లోటు రాదు. ఆ సాయంత్రం మెట్రో స్తంభాలకు అంచులు వచ్చాయి.

ఇక ఫోకసు చేతితోనే. కెమెరా ఈ లెన్సును గుర్తించదు. దానికి చూపు ఉంది కాని స్పర్శ లేదు. లెన్సుపై ఉన్న చిన్న మీటను చేతిపద్ధతికి జరిపితే, ద్వారం మనం తిప్పినంతే మూసుకుంటుంది. వెనుక తెరపై బొమ్మను పెద్దది చేసి చూస్తూ కంకణాన్ని తిప్పాలి. ఇక్కడ నాకొక విశేషం కనిపించింది. రోలీఫ్లెక్సులో చూసేది ఒక కటకం, తీసేది మరొకటి. అద్దమున్న కెమెరాలో చూసేది పైనున్న గాజుపై, పడేది వెనుకనున్న ఫిల్ముపై. నడిమి వందేళ్ళలో చాలామంది కంటికీ ఫిల్ముకూ వేరువేరు త్రోవలే ఉన్నాయి. ఇప్పుడు సెన్సరు ఏ బొమ్మను అందుకుంటున్నదో ఆ బొమ్మనే మనం చూస్తున్నాం. దీనదయాళ్ నల్లగుడ్డ క్రింద చూసినదీ ఇలాగే, లెన్సు నేరుగా వాల్చిన బొమ్మనే. ఆయన తలక్రిందులుగా చూశారు, యంత్రం మనకు నిలబెట్టి చూపుతోంది. అంతే భేదం.

ఇంతవరకు చదివినవారికి ఇదంతా ఒక కాలక్షేపమనిపించవచ్చు. బయోమెటార్ లెన్సుతో పాటు ఆ సంచీలో మరొకటి ఉంది. అది ఎన్‌లార్జరు లెన్సు. డార్కురూములో నెగటివును కాగితంపై పెద్దది చేయడానికి వాడే కటకం. ముఖాలనూ దృశ్యాలనూ తీసే లెన్సులా కాక, చదునైన వస్తువును అంచులదాకా చదునుగా చూపడానికే దానిని లెక్కకట్టారు. దానికి ఫోకసు కంకణముండదు, 39 మిల్లీమీటర్ల మరచుట్టు మాత్రం ఉంటుంది. దానిని ఒక తోలుతిత్తికి బిగించి కెమెరా ముందు నిలబెట్టాం. నెగటివు వెనుక తెల్లని వెలుగు. 56 మిల్లీమీటర్ల నెగటివు 32.9 మిల్లీమీటర్ల సెన్సరులో ఇమడాలంటే, 80 మిల్లీమీటర్ల లెన్సు సెన్సరుకు 127 మిల్లీమీటర్ల దూరంలోనూ, నెగటివుకు 216 మిల్లీమీటర్ల దూరంలోనూ ఉండాలి. ఆనాడు నెగటివున్న చోట ఈనాడు సెన్సరుంది. ఆనాడు కాగితమున్న చోట ఈనాడు నెగటివుంది. లెన్సును త్రిప్పి పెట్టవలసిన పని కూడా లేదు.

తెనాలిలో మా బావగారి నెగటివులు మూడు ట్రంకుపెట్టెలు ఉన్నాయి. తెరవగానే రెండు కట్టలనుండి పులిసిన వాసన వచ్చింది. ఫిల్ముకు ఆధారమైన అసిటేటు పొర వేడికీ తేమకూ విరిగి ఆమ్లాన్ని విడుస్తుంది. వెనిగరు వాసన దానికి గుర్తు. ఒకసారి మొదలైతే ఆగదు. ఫిల్ము ముడుచుకుపోతుంది, బొమ్మపొర విడివడుతుంది. చల్లని పొడిచోట పెట్టి ఆలస్యం చేయవచ్చునేగాని వెనుకకు త్రిప్పలేము. కోస్తా వాతావరణంలో ఆలస్యమూ కష్టమే. అందుకని వాసన పట్టిన కట్టలనే ముందుగా మియాపూరుకు తెచ్చి, ఒక్కొక్కటే తీశాం. ఒక్కొక్క నెగటివునుండి ఆరువేల పైచిలుకు చుక్కల వెడల్పు బొమ్మ వస్తుంది. అంటే అంగుళానికి సుమారు 2,800 చుక్కలు. టచింగ్ కోసం బావగారు నెగటివు మీద పెన్సిలుతో దిద్దిన గీతలు కూడా లెక్కపెట్టవచ్చు.

వాటిలో ఒకటి తులసికోట ప్రక్కన పీటమీద కూర్చున్న వృద్ధురాలిది. 1977 నవంబరు తుపానులో మా అక్కయ్యవాళ్ళ ఇంటి కప్పు కారి, గోడమీది పటాలన్నీ పాడైపోయాయి. ఊరందరికీ ఫొటోలు తీసిన ఇంటిలో ఆ ఇంటి పెద్దావిడ పటం ఒక్కటి కూడా మిగలలేదు. నెగటివులు దుకాణంలోని రేకుపెట్టెలో ఉండి దక్కాయన్న సంగతి ఎవరికీ తట్టలేదు. నేను తెరపై ఆ బొమ్మను తిరగవేసి, తెల్లది నల్లగా నల్లది తెల్లగా మార్చి పంపితే, అక్కయ్య ఫోనులో, "ఒరేయ్ తమ్ముడూ, మా అత్తగారురా! ముక్కుపుడక రాయి కూడా కనబడుతోంది" అన్నది. ఆ మాట తరువాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పాత లెన్సు సర్వసమర్థమని నేను అనను. దీనదయాళ్ నాటి పలకలను అంత పరిమాణంలోనే కాగితంపై అచ్చొత్తేవారు కనుక ఒక్కొక్క మిల్లీమీటరుపై భారం తక్కువ. నేటి సెన్సరులో ఒక్కొక్క చుక్క వెడల్పు మిల్లీమీటరులో వేయవ వంతులు ఐదుకు కాస్త పైన. ఆ పరీక్షకు పెద్దపలకల లెన్సులు కొన్ని తట్టుకోలేవు. 1935లో జైస్ సంస్థలో స్మకూలా కటకాలకు పలుచని పూత కనిపెట్టక మునుపటి లెన్సులు ఎదురువెలుగుకు తెల్లబోతాయి. హాసెల్‌బ్లాడ్ పాత లెన్సులలో షట్టరు లెన్సులోనే ఉంటుంది. ఫ్యూజీలో దానిని తెరచి ఉంచి కెమెరా షట్టరునే వాడుకోవచ్చు. ఎక్స్1డిలో అటువంటి షట్టరు లేక, 2017లో ఎలక్ట్రానిక్ షట్టరు సమకూరేవరకు పరాయి లెన్సులు పనిచేయలేదు. తేమ పట్టిన కటకంలో సాలెగూడులా బూజు అల్లుకుంటుంది. ముందుదశలో శుభ్రం చేయవచ్చు. గాజును కొరికేదాకా వస్తే దానికి మందు లేదు.

దీనదయాళ్ స్టూడియో గాజుపలకలలో 2,857 పలకలను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించి కాపాడింది. 2006లో ఆయన పేర తపాలాబిళ్ళ కూడా వెలువడింది. రాజాస్థానపు చిత్రకారుని కృషికి ఆ మాత్రం ఆదరణ లభించడం సంతోషమే. తెనాలి, నల్లగొండ, ఆదోని, జగిత్యాల వంటి ఊళ్ళలో స్టూడియోలు నడిపినవారి పెట్టెల మాటేమిటి? రైతుల పెళ్ళిళ్ళు, బడిపిల్లల గ్రూపు ఫొటోలు, కరణాల ముఖాలు, కూలీల పాసుపోర్టు బొమ్మలు వాటిలోనే ఉన్నాయి. వాటికి ఏ కళాకేంద్రమూ రాదు. వాటిని తీసిన లెన్సూ, వాటిని పెద్దవి చేసిన లెన్సూ సాధారణంగా అదే అటకమీద ఉంటాయి.

తొలినాళ్ళనుండి అంతర్జాలంలో తెలుగు వ్రాస్తున్న మిత్రులకు ఇది చెప్పనక్కరలేని సంగతి. ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క ఖతితో తన అక్షరాలను తన పెట్టెలోనే బంధించుకున్న రోజులలో, పద్మ అన్న చిన్న పొడిగింత వాటిని యూనికోడులోకి మార్చి చూపేది. అది ఒక్క అక్షరాన్నీ తాను వ్రాయలేదు. ఉన్న అక్షరానికి కొత్త గోడ చూపింది. బాలానగరులో తయారైన గొట్టం చేసినదీ అదే పని.

మీ ఊరిలో మూతపడిన స్టూడియో ఉంటే, దయచేసి ఒకసారి వెళ్ళి పలకరించండి. పెట్టె తెరచి వాసన చూడండి. పులిసిన వాసన వస్తే ఆ కట్టను ముందు తీయండి. పెద్ద సెన్సరు కెమెరా లేకపోయినా ఫరవాలేదు. ఉన్న కెమెరాకు అడాప్టరు దొరుకుతుంది, ఎన్‌లార్జరు లెన్సు తూకానికి దొరుకుతుంది. మా ట్రంకుపెట్టెలలో ఇంకా రెండున్నర మిగిలి ఉన్నాయి. పై అంతస్తు అబ్బాయి ఆదివారాలు వస్తున్నాడు.